నేల మీద నేల

"వదినగారు కాలు పెట్టగానే ఆ టైలు కదిలితే ఏం చెయ్యాలండీ?" అంది కృపమ్మ.

అప్పటికింకా ఎవరూ కాలు పెట్టలేదు. రేపల్లె పాసింజరు వేమూరు కూడా దాటి ఉండదు. యోబు వరండాలో పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "ఏ టైలు?" అని అడిగాడు.

ఏ టైలో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే దారిలో, కూతురు నీరజ జారి పడిన చోట ఇప్పుడు కొత్తగా పరిచి ఉన్న టైలు.

"కదలదు. నాసిర్ వేశాడు."

"కదిలితే?"

యోబు మళ్ళీ పేపరు విప్పాడు. తెనాలి కోర్టులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఇలాంటి ప్రశ్నలు ఏళ్ళ తరబడి లాయర్ల నోట విని విని, వాటికి జవాబు చెప్పకుండా ఉండటమే క్షేమమని నేర్చుకున్నవాడు.

కృపమ్మ ఊరికే అడగలేదు. పొద్దున తడిగుడ్డ పెడుతుంటే ఆ చోట నేల పలికింది. మిగతా ఇల్లంతా ఎక్కడ కాలు వేసినా చప్పుడు లేదు. అక్కడ మాత్రం ఖాళీ డబ్బా మూత మీద వేలితో తట్టినట్టు వినిపించింది. పక్క టైలుకీ దానికీ మధ్య నింపిన సిమెంటు సన్నగా వెంట్రుకలా చిట్లి ఉంది. ఆమె దాని మీద నుంచి కాలు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా అక్కడే నిలబడిపోయింది.

ఇవాళే పలకాలా అది?

మొన్న గుడ్ ఫ్రైడే ఆరాధనకని పుట్టింటికి వచ్చిన నీరజ, మజ్జిగ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వస్తూ ఆ చోటే పడింది. అప్పటికి అయిదో నెల. ఆ టైళ్ళు ఆమె పెళ్ళికని యోబు ముచ్చటపడి వేయించినవి. గోధుమరంగు పువ్వులు, ముఖం కనిపించేంత నునుపు. ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచుకుని, తల్లికీ బిడ్డకీ ఏమీ కాలేదు తీసుకెళ్ళండి అన్నారు. ఆ మాట అందరి చెవికీ ఎక్కింది, కృపమ్మ చెవికి తప్ప.

మర్నాడు వియ్యపురాలు కాంతమ్మ రేపల్లె నుంచి వచ్చింది. తిట్టలేదు. నేలను ఒకసారి చూసింది, కోడలి సంచి సర్దింది, ఆటో ఎక్కించి రేపల్లె తీసుకుపోయింది. ఆ తిట్టకపోవడమే కృపమ్మను ఇన్నాళ్ళూ నమిలింది. తిడితే కాళ్ళయినా పట్టుకోవచ్చు. మాట్లాడని మనిషి దగ్గర ఏం పట్టుకోవాలి?

ఆ తర్వాత అల్లుడు అజయ్ బాబు ఫోన్లో మెల్లగా చెప్పాడు, కాన్పు బాపట్లలో అయితే బాగుంటుందని అమ్మ అంటోందని. అతని ఉద్యోగం అక్కడే, అద్దె ఇల్లు అక్కడే, ఆస్పత్రి రెండు వీధుల అవతల. తొలి కాన్పు పుట్టింట్లో కాకపోవడం ఆ రెండు కుటుంబాల్లోనూ ఎవరూ ఎరగరు. సంఘంలో అడిగితే ఏం చెప్పాలన్నది కృపమ్మ బెంగల్లో చిన్నది. ఆ అద్దె ఇల్లు మేడ మీద. మెట్లకు ఒకవైపు చెయ్యి ఆనించుకోను గోడ కూడా లేదట. నొప్పులొచ్చి పిల్ల "అమ్మా" అంటే తను తెనాలిలో చీర మార్చుకుని స్టేషనుకు వెళ్ళి రైలు పట్టుకునేసరికి... ఆ ఆలోచనను ఆమె ఎప్పుడూ చివరిదాకా పోనిచ్చేది కాదు.

చివరికి యోబే రేపల్లె వెళ్ళి, నేల మార్పిస్తున్నామని చెప్పి వచ్చాడు. కాంతమ్మ మంచినీళ్ళిచ్చి, "చూసి చెప్తాను" అంది. అంతే అంది.

చూడటానికి ఇవాళ వస్తోంది. నీరజను వెంటబెట్టుకుని వస్తోంది. మనసు కుదిరితే పిల్లను దింపి వెళ్తుంది. కుదరకపోతే సాయంత్రం బాపట్ల రైలెక్కిస్తుంది.

యోబు పేపరు పక్కన పెట్టి లేచాడు. గొడుగు తీసుకుని లోపలికి వెళ్ళి, దాని మొనతో ఆ టైలును తట్టాడు. పక్క టైలును తట్టాడు. మళ్ళీ దాన్నే తట్టాడు. ఫోన్ తీసి నాసిర్‌కి చేశాడు.

* * *

అసలు పాత టైళ్ళు పగలగొట్టించాలనే కృపమ్మ పట్టు. నాసిరే వద్దన్నాడు. ఐతానగర్‌లో ఉంటాడు, టైళ్ళ పని, నోట్లో మాట ఆగని మనిషి. ఇనప చువ్వతో పాత టైళ్ళన్నీ ఒక్కొక్కటే కొట్టి, చెవి వాల్చి విన్నాడు. బోలుగా మోగినవి తీసేసి ఆ గుంటలు సిమెంటుతో నింపాడు. మిగతావి రాయిలా ఉన్నాయి, వాటిని పగలగొడితే కింద ఉన్న పాత గచ్చు కూడా చిట్లుతుంది, ఇల్లంతా దుమ్ము, నెల పట్టినా ఆశ్చర్యం లేదు, పై నుంచి గమ్ముతో గరుకు టైళ్ళు అతికిస్తే సరిపోతుందన్నాడు.

కింద ఆ నున్నటిది అలాగే ఉంటుంది కదా అని కృపమ్మ సందేహం. "పొంచి ఉన్నట్టు ఉంటుందయ్యా."

"పొంచి ఉండటానికి అదేం పామా అమ్మగారూ," అని నవ్వాడు నాసిర్.

నవ్వితే నవ్వాడు కానీ, ఆమె అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా ఏదో ఒకటి చేశాడు. నేల ఎత్తు పెరిగితే తలుపులు రాసుకుంటాయేమో అంటే వడ్రంగిని తీసుకొచ్చి కింద కాస్త చెక్క తీయించాడు. వంటింటి దగ్గర అంచు లేస్తుంది, ఈసారి అది తగిలి పడితే ఎలాగంటే అక్కడ ఏటవాలుగా పట్టీ కట్టాడు. నేల పైకొచ్చింది కాబట్టి ఫ్యాను తలకు దగ్గరవుతుందేమో అని అడిగినప్పుడు మాత్రం బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాడు.

ఇప్పుడు ఫోన్ చేయగానే ఇడ్లీ చెయ్యి కడుక్కుని వచ్చినట్టున్నాడు, తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని తట్టాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. ఇది ఒక్కటీ పట్టలేదు, తీసి మళ్ళీ వేస్తానన్నాడు. వెయ్యడం ఎంతసేపు, కానీ రేపటిదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదన్నాడు.

కృపమ్మ గడియారం చూసింది. ఇప్పుడే తియ్యొద్దు, వాళ్ళు చూసి వెళ్ళాక తీద్దువుగాని, అందాకా పైన చాప వేస్తాను అంది.

"చాప వెయ్యి," అన్నాడు యోబు. "ఆ చాప మీద నడిచేది నీ కూతురే."

ఆమె పక్కకు తప్పుకుంది. నాసిర్ జాయింటు కోసి, పల్చటి రేకు సందులోకి దూర్చి మెల్లగా పైకి లేపాడు. గమ్ముతో అతికించిన టైలు అలా రాకూడదు. పగలాలి, ముక్కలవ్వాలి. అది మాత్రం నూనె వేసిన పెనం మీంచి అట్టు లేచినట్టు మొత్తంగా లేచి వచ్చేసింది. వెనక గమ్ము దువ్వెన గీతల్లా అలాగే ఉంది. కింద పాత టైలుకు ఒక్క గీత కూడా అంటలేదు. గమ్ము పట్టడానికని నాసిర్ మిషనుతో పెట్టిన గాట్ల మధ్య నుంచి గోధుమరంగు పువ్వు తళతళలాడుతూ బయటపడింది.

కృపమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అనుకున్నదే అయింది. పొంచే ఉంది.

నాసిర్ పువ్వు మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె," అన్నాడు.

వంటింటి దారి కదా, ఏ పోపు గిన్నె నుంచో ఒలికి ఉంటుందన్నాడు యోబు. ఇది పోపు నూనె కాదండీ, సెంటు వాసన వస్తోందన్నాడు నాసిర్. అతను తల ఎత్తి చూసింది యోబును కాదు. కృపమ్మను.

ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

అంగలకుదురులో స్త్రీల కూడికకు వెళ్ళినప్పుడు, ఎక్కడి నుంచో వచ్చిన దైవజనుడు ప్రార్థన చేసి అందరికీ చిన్న చిన్న సీసాల్లో నూనె పంచాడు. యోబు సంఘ పెద్ద. ఇలాంటివి అతనికి గిట్టవు. లూథరన్లకు వాక్యం చాలు, నూనెలూ రుమాళ్ళూ అక్కర్లేదని ఎన్నోసార్లు అన్నాడు. అందుకని ఆమె ఆ సీసా బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది.

నాసిర్ పాత నేలంతా సర్ఫు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రేపు పొద్దున గమ్ము పెడతాను, అందాకా దీని మీద ఎవరూ ఏమీ ఒలకబొయ్యొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళిన సాయంత్రం, యోబు పాలకు వెళ్ళగానే, ఆమె సీసా తీసింది. తను ఒలకబొయ్యడం లేదు కదా, రాస్తోంది. గది నాలుగు మూలలా ఒక్కో చుక్క. పిల్ల పడిన చోట మాత్రం అరచేతిలో పోసుకుని, పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరి నిమిరి రాసింది. ప్రభువా, నా పిల్ల కాలు ఇక్కడ నిలబెట్టు అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

నిలబెట్టమని అడిగిన చోటే టైలు నిలబడలేదు.

నాసిర్ రేకు తీసుకుని పాత టైలు గీకడం మొదలుపెట్టాడు. యోబు సబ్బు కోసం పెరట్లోకి వెళ్ళినప్పుడు నాసిర్ గొంతు తగ్గించి, "చెప్పాను కదమ్మా," అన్నాడు. "నా పనికి మాట వస్తుంది."

ఆమె ఏదో అనబోయింది. అప్పుడే వీధిలో ఆటో ఆగింది.

* * *

ముందు కాంతమ్మ దిగింది. కుట్టుమిషను మీద కొడుకును చదివించుకున్న మనిషి. ఎవరిని చూసినా ముందు భుజాల కొలత, తర్వాత ముఖం చూస్తుందని నీరజ నవ్వుతూ చెబుతుండేది. ఆమె ఒక చెయ్యి ఆటో కమ్మీకి ఆనించి, రెండో చెయ్యి కోడలి మోచేతి కింద పెట్టి, పగిలిపోయే వస్తువును కింద పెట్టినంత జాగ్రత్తగా దించింది.

నీరజకు తొమ్మిదో నెల పడింది. కృపమ్మ కళ్ళు పొట్ట మీంచి జారి పాదాల దగ్గర ఆగిపోయాయి. బాగా వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగబడ్డాయి. బీపీ చూపించారా, ఉప్పు తగ్గించారా అన్న మాటలు గొంతు దాకా వచ్చాయి. బీపీ బాగానే ఉందని డాక్టరు చెప్పాడమ్మా అని, అడక్కముందే నీరజ జవాబు చెప్పేసింది.

వందనాలు, వందనాలని ఒకరికొకరు అనుకున్నారు. వరండాలో కుర్చీ చూసి కాంతమ్మ కోడలితో, "నువ్విక్కడ కూర్చో," అంది. "నేను ముందు చూసొస్తాను."

పుట్టింటి వరండాలో చుట్టంలా కూర్చుంది నీరజ.

కాంతమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కృపమ్మ పక్కన నడుస్తూ ఏదో ఒకటి చెప్పబోయి మానుకుంది. కాంతమ్మ మడమ ఆనించి, తర్వాత వేళ్ళు ఆనించి, ఒక్కో అడుగే వేసింది. ఒకచోట ఆగి, గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో నేలను రాసి చూసింది. గరుకుగా తగిలింది కాబోలు, ఆమె కనుబొమ్మలు కొంచెం సర్దుకున్నాయి. తలుపు తీసి వేసి చూసింది. పట్టీ దగ్గర అటూ ఇటూ దాటి చూసింది. ఆ కొద్దిసేపు కృపమ్మకు ఊపిరి అందింది.

తర్వాత ఆమె నాసిర్ కూర్చున్న చోటికి వచ్చింది.

గుంట, గుంటలో తళతళలాడే పువ్వు. పక్కన బోర్లా పెట్టిన టైలు.

"ఇదేంటి?"

ఆ ప్రశ్న ఎవరికి వేసిందో తెలియలేదు. యోబు గొంతు సవరించుకున్నాడు. అతనికన్నా ముందు నాసిర్ అందుకున్నాడు.

"నాదే పొరపాటండీ. ఇక్కడ సరిగ్గా కడిగినట్టు లేను. ఇప్పుడే సరిచేసేస్తాను, రేపటికి గట్టిపడిపోతుంది."

కృపమ్మ అతని వైపు చూసింది. అతను చూపు ఎత్తలేదు. రేకుతో పాత టైలు గీకుతూ కూర్చున్నాడు.

కాంతమ్మ చాలాసేపు ఆ గుంటను చూసి, ఒక్కటి సరిగ్గా వెయ్యలేనివాడు తక్కినవి ఎలా వేశాడో ఎవరు చూడొచ్చారంది. గొంతు పెంచలేదు. ఆ పడినచోటే ఇలా అయితే ఇంక ఏ చోటును నమ్మాలంది. సంచిలోంచి ఫోన్ తీసి, అజయ్‌కి చేస్తాను, సాయంత్రం రైలుకు స్టేషనుకు వస్తాడు అంది.

యోబు, అందరికీ తెలిసినవాడు, చర్చి పక్క వెస్ట్రీ గదిలో నేల కూడా ఇతని చేతే వేయిద్దామనుకుంటున్నామని ఏదో చెప్పబోయాడు. అయితే ఇంకోసారి ఆలోచించండన్నయ్యగారూ అంది కాంతమ్మ.

నాసిర్ గీకడం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

కృపమ్మ నీళ్ళ గ్లాసు తీసుకుని వరండాలోకి వచ్చేసింది. పిల్లకు దాహమేస్తుందని కాదు. అక్కడ నిలబడలేక.

నీరజ గ్లాసు అందుకుని, తల్లి చెయ్యి వదల్లేదు. "కిటికీలోంచి అంతా వినపడుతోందిలే," అంది. తర్వాత ఇంకా మెల్లగా చెప్పింది. రేపల్లె ఇంట్లో అత్తయ్య గదుల నిండా గోనెపట్టాలు పరిచిందట. ఎక్కడా నేల కనపడదట. కుట్టు మానేసి రోజూ పొద్దున్నే వాటిని దులిపి ఎండలో వేసి మళ్ళీ పరుస్తుందట. తను బాత్రూముకు వెళ్తే తలుపు బయటే నిలబడి, "నీరజా, ఉన్నావా" అంటుందట.

"ఉండక ఎక్కడికి పోతానమ్మా," అని నవ్వింది నీరజ. "అక్కడ గోనెలు, ఇక్కడ టైళ్ళు. మీ ఇద్దరి పుణ్యాన నాకు నేల మీద నడవడమే మర్చిపోయేలా ఉంది."

కృపమ్మకు నవ్వు రాలేదు. ఆమె కళ్ళు పిల్ల పాదాల మీదే ఉన్నాయి. నీరజ ఒక చెప్పు లోంచి మడమ పైకి తీసి చల్లటి గచ్చు మీద ఆనించుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా ఇంతే, పాదం తీసుకెళ్ళి చల్లటి చోట పెట్టుకునేది.

"నీకెక్కడుండాలని ఉందే?" అని అడిగింది కృపమ్మ. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ మాట అడగలేదని అడిగాక తట్టింది.

నీరజ గ్లాసులోకి చూసింది. "నేను ఒక పేరు చెప్తే రెండో ఆవిడకి నిద్ర పట్టదు. ముందు లోపలికి వెళ్ళి ఆ నాసిరన్నను కాపాడు. పాపం, అతను కడగకపోవడమేంటి? కడిగి కడిగి ఇంట్లో బకెట్లన్నీ వాడేశాడని నువ్వే కదా ఫోన్లో చెప్పావు."

* * *

కృపమ్మ లోపలికి వచ్చేసరికి కాంతమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. అవతల ఇంకా ఎత్తినట్టు లేదు.

"నాసిర్ తప్పేం లేదు వదినగారూ. ఆ నూనె నేను రాశాను."

కాంతమ్మ ఫోన్ దించింది.

"నువ్వా?" అన్నాడు యోబు.

ఇంక ఆగితే మళ్ళీ మాట రాదని కృపమ్మకు తెలుసు. అంగలకుదురు, దైవజనుడు, సీసా, బియ్యం డ్రమ్ము, పాలకు వెళ్ళిన వేళ, అన్నీ ఒక్క ఊపున చెప్పేసింది. అతను వద్దని చెప్పి వెళ్ళాడంది. నూనె ఉంటే గమ్ము పట్టదన్న సంగతి తనకు తట్టలేదంది. ఆ సమయంలో తనకు గమ్ము గుర్తు లేదు, నేల గుర్తు లేదు, పిల్ల వెల్లకిలా పడి ఉన్నదే గుర్తుందంది. చెబుతూ చెబుతూ కుడి అరచేతిని చీర మీద తుడుచుకుంటోంది, నూనె ఇంకా అంటుకుని ఉన్నట్టు.

"ఇంకెక్కడైనా రాశారా అమ్మగారూ?" అని నాసిర్ అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు, పనివాడి తొందర ఉంది.

"నాలుగు మూలలా."

యోబు కళ్ళు మూసుకున్నాడు. "మనం లూథరన్లం కృపా," అన్నాడు చాలా మెల్లగా.

ఆ తర్వాత అతను చేసిన పని కృపమ్మ ఊహించలేదు. పెరట్లోంచి తెచ్చిన సబ్బు నీళ్ళ బకెట్టు ముందుకు జరుపుకుని, గోడ పట్టుకుని మోకాళ్ళు కిర్రుమనిపిస్తూ నాసిర్ పక్కన కింద కూర్చున్నాడు. గుడ్డ పిండి ఆ పువ్వు మీద రుద్దడం మొదలుపెట్టాడు. ఇంట్లో గ్లాసు ఇక్కడి నుంచి అక్కడ పెట్టని మనిషి. అలా కాదండీ, గుండ్రంగా రుద్దితే నూనె ఇంకా పాకుతుంది, ఒకవైపుకే లాగండని నాసిర్ చూపించాడు. యోబు బుద్ధిగా ఒకవైపుకే లాగాడు.

కృపమ్మకు ఆ ఇద్దరి వీపులూ చూస్తుంటే కళ్ళు మసకబారాయి. ఆమె కాంతమ్మ వైపు తిరిగింది.

"నన్ను తిట్టండి వదినగారూ. ఆ రోజే తిట్టవలసింది. మీరు తిట్టలేదు, ఇన్నాళ్ళూ నేను తినలేదు, నిద్రపోలేదు. ఈ నేల నేను పాడు చేశాను, నేనే బాగు చేయిస్తాను. మూలలన్నీ తీయించి మళ్ళీ వేయిస్తాను. ఒక్క మాట చెప్పండి, చాలు. నా పిల్లను ఇక్కడ ఉంచుతారా, తీసుకుపోతారా?"

కాంతమ్మ చూపు గుంట వైపు తిరిగింది.

ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో స్కూటరు ఎన్ని తన్నులు తన్నినా స్టార్టు కావడం లేదు. కాంతమ్మ చేతిలో ఫోన్ మోగింది. అజయ్ బాబు తిరిగి చేస్తున్నాడు. ఆమె తెర మీద కొడుకు ముఖం చూసి, మోగనిచ్చింది. మోగి మోగి ఆగిపోయింది. కిటికీ ఊచల మీద నీరజ వేళ్ళు కనిపిస్తున్నాయి. అవి కూడా కదలడం లేదు.

ఇక చెప్పదు అనుకుంది కృపమ్మ. ఆ రోజులాగే సంచి తీసుకుంటుంది, ఆటో పిలుస్తుంది. పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది, తను గేటు పట్టుకుని నిలబడుతుంది. మేడ మెట్లు. పక్కన గోడ లేని మెట్లు.

కాంతమ్మ ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని కిందికి వంగింది. యోబు గుడ్డ పక్కకు తీశాడు. గాట్లు పడిన ఆ పాత పువ్వు మీద ఆమె అరచెయ్యి ఆనించింది. అక్కడే ఉంచింది. ఆమె చీర కుచ్చిళ్ళకు గోనెపీచు ఒకటి అంటుకుని ఉండటం కృపమ్మ అప్పుడు చూసింది.

లేచేటప్పుడు కాంతమ్మ ఆధారం కోసం చెయ్యి చాపింది. కృపమ్మ పట్టుకుంది. లేచాక కూడా ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు.

"పిల్ల ఇక్కడ ఎన్నాళ్ళుండాలన్నది ఆ టైలు గట్టిపడ్డాక మాట్లాడుకుందాం," అంది చివరికి. "ఆ సీసాలో ఇంకేమైనా మిగిలిందా వదినా?"

కృపమ్మకు అర్థం కాలేదు. అడుగున కొంచెం ఉందంది.

"అయితే తీసుకురండి. పిల్లను లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెడదాం, ఒకవైపు మీరు పట్టుకోండి, ఒకవైపు నేను పట్టుకుంటాను. దాని పాదాలు చూశారుగా, ఎలా వాచిపోయాయో. ఈసారి నేలకొద్దు. దాని కాళ్ళకి రాద్దాం."